హై ప్రొటీన్ ఇన్‌స్టంట్ నూడుల్స్‌తో మధ్యాహ్న భోజనం ఎలా చేసుకోవాలి

హై ప్రొటీన్ నూడుల్స్ మొదటిసారి కొన్నవాళ్లు చాలామంది వాటిని మామూలు నూడుల్స్ లాగే వండేస్తారు. కప్పున్నర నీళ్లు, రెండు మూడు నిమిషాలు, మసాలా పొడి మొత్తం. తీరా నోట్లో పెట్టుకుంటే పైన జిగురుగా, లోపల పిండిపిండిగా ఉంటాయి. పచ్చి చిక్కుడు గింజల వాసన వస్తుంది, ఉప్పు నాలుకను పట్టేస్తుంది. డబ్బు దండగైందని మిగతా ప్యాకెట్లు అలమరలో ఓ మూలకు తోసేస్తారు. అసలు సంగతేమిటంటే అవి మైదా నూడుల్స్ కావు. పిండి మారింది కాబట్టి నీళ్ల కొలత, ఉడికే సమయం, మసాలా వేసే తీరు, అన్నీ మారాలి. ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. ప్యాకెట్ ఒక్కటే భోజనం కాదు, భోజనానికి అది ఆధారం మాత్రమే. దానికి గుడ్డో, మీల్ మేకరో, పల్లీలో ఒకటి తోడైతేనే సాయంత్రం దాకా ఆగుతుంది.

ఎంత ప్రొటీన్ రావాలి?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 65 కిలోల మగవాళ్లకు 54 గ్రాములు, 55 కిలోల ఆడవాళ్లకు సుమారు 46 గ్రాములు. మూడు పూటలకు సమానంగా పంచితే పూటకు 15 నుంచి 18 గ్రాములు. కానీ మన పొద్దుటి ఉప్మాలోనూ, దోసెలోనూ అంత ఉండదు. అందుకే మధ్యాహ్నానికి 20 నుంచి 25 గ్రాములు గురిగా పెట్టుకోండి. రోజూ బరువులెత్తే వ్యాయామం చేసేవాళ్లు 30 దాకా వెళ్లవచ్చు. అంతకన్నా ఒకే గిన్నెలో కుక్కనవసరం లేదు.

ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పండి

మొదట వెనక ఉన్న పట్టిక చదవండి, ముందు వైపు పెద్ద అక్షరాల సంగతి తరవాత చూద్దాం. ఆ పట్టికలో 100 గ్రాములకు ఎంత అని ఒక వరస ఉంటుంది. మీరు తినేది 100 గ్రాములు కాదు, 60 నుంచి 80 గ్రాముల ముద్ద. ప్యాకెట్ బరువుతో గుణించి 100తో భాగిస్తే మీకు దక్కేది ఎంతో తెలుస్తుంది.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమో చూడండి. మన దేశంలో ఘనాహారం మీద ‘హై ప్రొటీన్’ అని రాసుకోవాలంటే, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నాటి నిబంధనల ప్రకారం 100 గ్రాముల్లో రోజువారీ అవసరంలో 20 శాతం ఉంటే చాలు. 54 గ్రాముల్లో 20 శాతం అంటే 11 గ్రాములకు కాస్త తక్కువ. మామూలు మైదా నూడుల్స్‌లోనే 100 గ్రాములకు 8, 9 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే 70 గ్రాముల ప్యాకెట్‌లో మామూలు దానికి 6 గ్రాములు వస్తే, గీత దాటీ దాటని ‘హై ప్రొటీన్’ దానికి ఏడున్నర వస్తుంది. తేడా ఒకటిన్నర గ్రాములే. నిబంధన ప్రకారం ఆ మాట తప్పు కాదు, కానీ మీ కడుపుకు అది సరిపోదు.

అందుకని ప్యాకెట్‌కు 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. 12 నుంచి 16 మధ్య ఉన్నవి మధ్యాహ్నానికి చక్కగా పనికొస్తాయి. రుచి, తీరు కూడా నూడుల్స్‌కు దగ్గరగానే ఉంటాయి. 18, 20 దాటినవీ దొరుకుతాయి. అమెరికాలో ‘ఇమ్మి’ లాంటి కంపెనీలు ఈ రకమే చేస్తాయి, అక్కడున్న మనవాళ్లకు ఇవి పరిచయమే. వాటిలో పిండి పదార్థం బాగా తగ్గిపోతుంది కాబట్టి నమలడానికి గట్టిగా, కొంచెం గరుగ్గా ఉంటాయి. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు మధ్య రకంతో మొదలుపెట్టడం మేలు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. ప్రొటీన్ గ్రాములను 4తో గుణించి, మొత్తం కేలరీలతో పోల్చండి. 300 కేలరీల ప్యాకెట్‌లో 15 గ్రాములుంటే 60 కేలరీలు ప్రొటీన్ నుంచి వచ్చినట్టు, అంటే 20 శాతం. యూరప్‌లో ‘హై ప్రొటీన్’ అనడానికి ఈ 20 శాతమే గీత. మన గీత కన్నా ఇదే నికరమైన కొలత.

తరవాత పదార్థాల వరస చదవండి. బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో గోధుమ గ్లూటెన్, సోయా ప్రొటీన్, బఠాణీ ప్రొటీన్, శనగపిండి లాంటివి ఉంటే అది నిజంగా ప్రొటీన్ నూడుల్స్. మైదా, పామాయిల్ తరవాత ఎక్కడో ఏడో పేరుగా ప్రొటీన్ కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఆ ప్రొటీన్ దేని నుంచి వచ్చిందన్నదీ చూడాలి. గ్లూటెన్ అంటే గోధుమలోని ప్రొటీనే. అది సాగుతుంది, నూడుల్స్‌కు పట్టునిస్తుంది, చవక. కానీ అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను కట్టే ముక్కల్లో ఒకటి) బాగా తక్కువ. ఆహార ప్రొటీన్ నాణ్యతకు ఇచ్చే కొలతలో గుడ్డుకు, పాలకు 1 వస్తే, సోయా ప్రొటీన్‌కు దాదాపు అంతే వస్తుంది. గ్లూటెన్‌కు మాత్రం పావు వంతే. కాబట్టి 15 గ్రాములూ గ్లూటెన్ నుంచే వచ్చే ప్యాకెట్‌ను ఒంటరిగా తింటే శరీరం అందులో కొంతే సరిగ్గా వాడుకుంటుంది. అలాగని పారేయాల్సిన పని లేదు. అన్నంలోకి పప్పు ఎందుకో ఇక్కడ గుడ్డు, పెరుగు, సోయా, పెసలు అందుకే. లైసిన్ లోటు అవి తీరుస్తాయి.

చివరగా రెండు అంకెలు. కొవ్వు 100 గ్రాములకు 15 దాటితే అవి నూనెలో వేయించి ఆరబెట్టిన నూడుల్స్. 5 లోపు ఉంటే గాలికి ఆరబెట్టినవి. ఇది ఆరోగ్యానికే కాదు, వంటకూ ముఖ్యం. 1958లో జపాన్‌లో మోమోఫుకు ఆండో ఇన్‌స్టంట్ నూడుల్స్ తయారు చేసినప్పుడు పట్టుకున్న కిటుకు ఇదే: ఉడికిన నూడుల్స్‌ను నూనెలో వేయిస్తే లోపలి నీరు ఆవిరై సన్నటి రంధ్రాలు మిగులుతాయి. తరవాత వేడినీళ్లు ఆ రంధ్రాల్లోంచి చకచకా లోపలికి వెళ్తాయి. గాలికి ఆరినవాటిలో ఆ రంధ్రాలు తక్కువ, అందుకే అవి నెమ్మదిగా ఉడుకుతాయి.

రెండో అంకె సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు, అంటే 5 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ మొత్తానికి 1,000 మిల్లీగ్రాములు ఉంటే ఆ ఒక్క గిన్నెతోనే సగం అయిపోయినట్టు. దీనికి మందు మసాలా పొడి దగ్గర ఉంది, కింద చెప్తాం.

డబ్బు లెక్క కూడా చూసుకోండి

ధరను ప్రొటీన్ గ్రాములతో భాగించండి. 90 రూపాయల ప్యాకెట్‌లో 15 గ్రాములుంటే గ్రాముకు 6 రూపాయలు పడుతుంది. 7 రూపాయల కోడిగుడ్డులో 6 గ్రాములుంటే గ్రాముకు రూపాయి పైచిలుకు. మామూలు నూడుల్స్ ప్యాకెట్‌లో రెండు గుడ్లు వేసినా 18 గ్రాములు వచ్చేస్తాయి. ఇంట్లో స్టవ్, ఫ్రిజ్ ఉండి గుడ్డు తినేవాళ్లకు ఖరీదైన ప్యాకెట్ తప్పనిసరి కానే కాదు. హాస్టల్ గదిలో ఉండేవాళ్లు, ఆఫీసులో వేడినీళ్లు తప్ప ఇంకేమీ దొరకనివాళ్లు, గుడ్డు ముట్టనివాళ్లు: వీళ్లకు దాని ధర గిట్టుబాటు అవుతుంది. ఏదైనా మొదట ఒకటి రెండు ప్యాకెట్లే కొనండి. డజను ప్యాకెట్ల పెట్టె మీద ఇచ్చే తగ్గింపు చూసి, రుచి తెలియకుండానే తెప్పించుకోవద్దు.

ముందురోజు రాత్రి ఐదు నిమిషాలు

తోడుగా వేసేవి సిద్ధంగా లేకపోతే మధ్యాహ్నం హడావుడిలో ఎవరూ చేయరు. వీటిలో మీకు కుదిరినవి ఒకటి రెండు ఎంచుకోండి.

గుడ్లు: మరిగే నీళ్లలో 9, 10 నిమిషాలు ఉడికించి, పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టండి. వారం లోపు వాడేయవచ్చు. ఒక్కోదానికి 6 గ్రాముల ప్రొటీన్.

మీల్ మేకర్: ఎండు బరువు 20 గ్రాములు తీసుకుంటే 10 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఇంత చవగ్గా ఇంత ప్రొటీన్ ఇచ్చేది వంటింట్లో ఇంకోటి లేదు. చిన్న ఉండల రకం కొనండి, పెద్దవి నూడుల్స్‌లో కలవవు. మరిగిన నీళ్లు పోసి 10 నిమిషాలు మూతపెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయండి. చల్లటి నీళ్లు పోసి ఇంకోసారి పిండండి. ఈ రెండో పిండటం మానేస్తే పచ్చి వాసన నూడుల్స్‌కు కూడా ఎక్కుతుంది. పిండినవి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటాయి.

పనీర్: 50 గ్రాములకు 9 గ్రాములు. ఫ్రిజ్‌లోంచి తీసినది గట్టిగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి.

పల్లీలు, పుట్నాలపప్పు: 20 గ్రాములకు పల్లీల్లో 5, పుట్నాల్లో 4 గ్రాముల పైన. ఇవి త్వరగా చెడిపోవు కాబట్టి ఆఫీసు సొరుగులో ఓ సీసాలో ఉంచుకోవడానికి వీటిని మించినవి లేవు. దోరగా వేయించిన పల్లీలు పైన చల్లితే మెత్తటి గిన్నెలో కరకర తగులుతుంది.

ముందురోజు కోడికూర మిగిలితే ముక్కలు ఎముక తీసి 60 గ్రాములు వేసుకోండి. 15 గ్రాముల పైనే వస్తుంది. మొలకెత్తిన పెసలు మంచివే, కానీ ప్రొటీన్ కోసం వాటి మీద ఆధారపడకండి. వాటిలో నీరే ఎక్కువ.

వండే పద్ధతి

ఒక మనిషికి, 70 నుంచి 80 గ్రాముల ప్యాకెట్‌కు ఇది.

1. లీటరున్నర పట్టే లోతైన గిన్నెలో అర లీటరు నీళ్లు పోసి బాగా మరగనివ్వండి. ప్యాకెట్ మీద పావు లీటరు అని ఉన్నా సరే, అర లీటరే పోయండి. పక్కనే ఇంకో గ్లాసు నీళ్లు కెటిల్‌లో వేడిచేసి పెట్టుకోండి. ఉప్పు వేయకండి.

2. నీళ్లు తెర్లుతున్నప్పుడు అర చెంచా నూనె, ఆ వెంటనే నూడుల్స్ ముద్దను విరవకుండా వేయండి. రెండు నిమిషాలు కదపకండి. బఠాణీ, సోయా ప్రొటీన్ కలిసిన నూడుల్స్‌లో గ్లూటెన్ అల్లిక తెగితెగి ఉంటుంది; తడిసీ తడవనప్పుడు గరిటెతో తిప్పితే ముక్కలైపోతాయి. రెండు నిమిషాల తరవాత ఒకసారి తిరగేసి, ఫోర్కుతో మెల్లగా విడదీయండి.

3. వేయించినవైతే మొత్తం 4 నిమిషాలు, గాలికి ఆరినవైతే 6 నుంచి 7 నిమిషాలు పడుతుంది. ప్రొటీన్ కూడా నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి లోపలి పిండికి నీళ్లు చేరడం ఆలస్యమవుతుంది. గడియారం కన్నా పంటిని నమ్మండి. ఒక పోగు తీసి కొరికి, కొరికిన చోటు చూడండి. మధ్యలో తెల్లటి చుక్క స్పష్టంగా కనిపిస్తే ఇంకో నిమిషం. సూదిమొన అంత మిగిలితే దించేయండి, మిగతాది తరవాత చారులో ఉడుకుతుంది.

4. చిల్లుల గిన్నెలోకి వంచి ఆ నీళ్లు పారబోయండి. పచ్చి వాసనలో చాలా భాగం, కొంత ఉప్పు, పైన అంటిన నూనె ఆ నీళ్లతో పోతాయి. కొద్దిగా బి విటమిన్లు కూడా పోతాయి కానీ ప్రొటీన్ మాత్రం పెద్దగా పోదు. చల్లటి నీళ్లతో కడగకండి, గట్టిపడతాయి.

5. అదే గిన్నెలో చెంచా నూనె లేదా నెయ్యి వేసి పోపు పెట్టండి: అర చెంచా జీలకర్ర, దంచిన వెల్లుల్లి రెబ్బలు మూడు, చీల్చిన పచ్చిమిర్చి ఒకటి, కరివేపాకు రెబ్బ. సన్నగా తరిగిన క్యారెట్, క్యాబేజీ, బీన్స్, పాలకూర, ఏవున్నా కప్పుడు వేసి రెండు నిమిషాలు పెద్ద మంట మీద వేయించండి. మీల్ మేకర్, పనీర్, చికెన్ వేసేటట్టయితే ఇప్పుడే వేయాలి, వాటికి పోపు పట్టాలి.

6. కెటిల్‌లోని వేడినీళ్లు ముప్పావు గ్లాసు పోసి, మసాలా పొడి సగం మాత్రమే వేయండి. ఇన్‌స్టంట్ నూడుల్స్ ఉప్పులో ఎక్కువ భాగం ఈ పొడిలోనే ఉంటుంది. సగం తగ్గించిన రుచిని పావు చెంచా మిరియాల పొడి, పావు చెంచా ధనియాల పొడి పూరిస్తాయి. మిగిలిన సగం పొట్లాన్ని మడిచి డబ్బాలో పెట్టండి, తరవాతి ప్యాకెట్‌కు వస్తుంది.

7. నూడుల్స్ వేసి ఒక్క నిమిషం ఉడికించి స్టవ్ కట్టేయండి. అర చెక్క నిమ్మరసం, కొత్తిమీర, ఉల్లికాడలు చివర్న. నిమ్మరసం మంట మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. పులుపు ఇక్కడ కేవలం రుచికి కాదు. సోయా, బఠాణీల పచ్చి వాసన నాలుకకు తెలియకుండా అణచేది అదే.

గుడ్డు వేసే తీరు విడిగా చెప్పాలి, ఎక్కువమంది ఇక్కడే పాడు చేస్తారు. కుతకుతలాడే చారులో గుడ్డు కొట్టి గరిటెతో తిప్పితే చారంతా మురికి నురుగులా అవుతుంది. మంట బాగా తగ్గించి, గిన్నెలో గిలకొట్టిన గుడ్డును సన్నటి ధారగా పోయండి. ఇరవై సెకన్లు ముట్టుకోకండి, తెరలు తెరలుగా గట్టిపడుతుంది. అప్పుడు ఒక్కసారి కలపండి. ముద్దగా ఉండాలంటే నూడుల్స్ మధ్యలో గుంట చేసి గుడ్డు కొట్టి, మూతపెట్టి, సన్నటి మంట మీద 3, 4 నిమిషాలు ఉంచండి.

ఇంట్లో పొద్దుటి పప్పుచారు మిగిలి ఉంటే మసాలా పొట్లం అసలు విప్పకండి. ఆరో మెట్టులో నీళ్లకు బదులు కప్పున్నర పప్పుచారు పోసి మరిగించి, అందులో నూడుల్స్ వేసేయండి. చింతపండు పులుపు పచ్చి వాసనను మింగేస్తుంది, కందిపప్పులోని లైసిన్ గ్లూటెన్ లోటు తీరుస్తుంది. పప్పు ఎంత చిక్కగా ఉంటే ప్రొటీన్ అంత ఎక్కువ. ప్రొటీన్ నూడుల్స్‌కు ఇంతకన్నా బాగా కలిసే చారు లేదని మా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త: పప్పుచారులో ఉప్పు ముందే ఉంటుంది, మళ్లీ వేయకండి.

మొత్తం ఎంత వచ్చిందో చూసుకుందాం. 14 గ్రాముల ప్యాకెట్‌కు రెండు గుడ్లు కలిస్తే 26. అదే ప్యాకెట్‌కు 20 గ్రాముల మీల్ మేకర్ కలిస్తే 24. స్టవ్ లేని చోట ఒక ఉడికిన గుడ్డు, 20 గ్రాముల పల్లీలు కలిస్తే 25. పైగా పక్కన ఓ కప్పు పెరుగు పెట్టుకుంటే ఇంకో 6. పెరుగును మాత్రం వేడి నూడుల్స్‌లో కలపకండి, విరిగిపోతుంది.

ఆఫీసులో, హాస్టల్లో

ఆఫీసు వాటర్ డిస్పెన్సర్‌లో ఎర్ర కుళాయి నీళ్లు చేతికి భరించలేనంత వేడిగా ఉన్నా, సాధారణంగా మరిగే నీళ్లు కావు. 80 నుంచి 90 డిగ్రీల దగ్గర ఉంటాయి. మైదా కప్పు నూడుల్స్‌కు అది సరిపోవచ్చు కానీ ప్రొటీన్ రకానికి చాలదు. నానబెట్టి తినే పద్ధతికి వేయించిన రకమే కొనండి, గాలికి ఆరినవి ఎంతసేపు నానినా లోపల పిండిగానే ఉంటాయి. కెటిల్ ఉంటే నీళ్లు మరిగించే పోయండి. లేకపోతే మూత గట్టిగా ఉండే స్టీలు టిఫిన్ ఫ్లాస్కును ముందు వేడినీళ్లతో నింపి రెండు నిమిషాలు ఉంచి పారబోసి, ఆ వేడెక్కిన ఫ్లాస్కులో నూడుల్స్ వేసి మళ్లీ నీళ్లు పోసి మూత బిగించండి. 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. తరవాత నీళ్లు వంచేసి, సగం మసాలా, కాసిని వేడినీళ్లు, పల్లీలు, గుడ్డు ముక్కలు కలపండి.

మైక్రోవేవ్ ఉన్నవాళ్లు లీటరు పైన పట్టే గాజు లేదా పింగాణీ గిన్నెలో అర లీటరు నీళ్లు పోసి, మరిగేదాకా పెట్టండి. 800 వాట్లకు సుమారు 4 నుంచి 5 నిమిషాలు. అప్పుడు నూడుల్స్ వేసి, పవర్ సగానికి తగ్గించి ఇంకో 4, 5 నిమిషాలు. చిన్న గిన్నె వాడితే నురుగు పొంగి మైక్రోవేవ్ అంతా కారుతుంది. నూడుల్స్ వచ్చిన కప్పును మైక్రోవేవ్‌లో పెట్టవచ్చని దాని మీద రాసి ఉంటే తప్ప పెట్టకండి. ఉడికిన గుడ్డును పెంకుతో కానీ, పెంకు తీసి పూర్తిగా కానీ వేడి చేయకండి. లోపల ఆవిరి చిక్కుకుని, కొరికినప్పుడు పేలి నోరు కాలుతుంది. కోసి, నూడుల్స్ వేడికే వెచ్చబడనివ్వండి.

ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున్న ఎనిమిదికి సంచిలో పెట్టిన పనీర్, పెంకు తీసిన గుడ్డు ఒంటిగంటకు తినదగ్గవి కావు. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే ఆ రెండు నెలలు పల్లీలు, పుట్నాలు, పాలపొడి మీదే నడపండి. పాలపొడి అంటే వెన్న తీసినది. రెండు పెద్ద చెంచాలు, అంటే 15 గ్రాములకు 5 గ్రాముల ప్రొటీన్. చల్లటి నీళ్లలో ముందు జారుగా కలిపి, చివర్న చారులో పోస్తే చిక్కగా, కమ్మగా అవుతుంది. నిమ్మరసం మాత్రం అప్పుడు వేయకండి, విరుగుతుంది. జిమ్‌కు వెళ్లేవాళ్లు పాల విరుగుడు నీళ్ల నుంచి తీసే ‘వే’ ప్రొటీన్ పొడి వేయాలనుకుంటే రుచి, తీపి కలపనిదే ఎంచుకోండి. దాన్నీ చల్లటి నీళ్లలో కలిపి, గిన్నె దించి రెండు మూడు నిమిషాలు ఆగాక పోయండి. మరిగే చారులో పొడి చల్లితే రబ్బరు ఉండల్లా గడ్డకడుతుంది.

తేడా కొడితే

నురుగు పొంగుతోందా? ప్రొటీన్ నీళ్లలో కరిగి పొరలా గాలిని పట్టేస్తుంది. లోతైన గిన్నె, అర చెంచా నూనె, మరిగాక మంట కొంచెం తగ్గించడం, ఈ మూడూ కలిస్తే ఆగుతుంది.

నమిలితే రబ్బరులా సాగుతోందంటే గ్లూటెన్ ఎక్కువున్న రకం. దానికి ఇంకో నిమిషం ఎక్కువ ఉడకాలి, అంతే. విరిగి పొడిపొడి అవుతోందంటే బఠాణీ, సోయా ఎక్కువున్న రకం. దాన్ని తక్కువ తిప్పాలి, ఒక అర నిమిషం ముందే దించాలి. రెంటికీ ఒకే మందు లేదు. అందుకే పదార్థాల వరస చదవమన్నది.

వాసన ఇంకా పోవడం లేదంటే మొదటి నీళ్లు పారబోసారా, మీల్ మేకర్ రెండుసార్లు పిండారా అన్నది చూడండి. అవి చేసినా ఉంటే మరీ పాత ప్యాకెట్ అయ్యుండవచ్చు. వేయించిన నూడుల్స్‌లో నూనె పాతబడితే ఉడికించకముందే, ప్యాకెట్ విప్పగానే ముక్కుకు తెలుస్తుంది. అలాంటివి తినకండి, తేదీ ఇంకా దాటకపోయినా సరే.

చారు మాయమై ముద్ద అయిపోతే మీరు ఆలస్యం చేశారన్నమాట. ఇవి దించాక కూడా నీళ్లు పీలుస్తూనే ఉంటాయి. పది నిమిషాల్లో తినాలి. పొద్దున్నే వండి డబ్బాలో పెట్టుకెళ్లే పనికి ఇవి పనికిరావు; తప్పదంటే నూడుల్స్, చారు వేర్వేరు డబ్బాల్లో తీసుకెళ్లి తినేముందు కలుపుకోండి.

తిన్నాక కడుపు ఉబ్బరిస్తే ప్యాకెట్ మీద పీచు ఎంతో చూడండి. పిండి తగ్గించడానికి కొన్ని రకాల్లో ఇనులిన్ లాంటి పీచు చాలా కలుపుతారు. ఒకేసారి 10, 15 గ్రాముల పీచు అలవాటు లేని కడుపుకు బరువే. మొదటి వారం సగం ప్యాకెట్‌తో మొదలుపెట్టి, నీళ్లు ఎక్కువ తాగండి.

ఎవరు ఆగాలి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు ప్రొటీన్ కొలిచి చెప్తారు. ఆయన్ను అడగకుండా ఇవి మొదలుపెట్టకండి. గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు గ్లూటెన్ రకం విషంతో సమానం. సోయా, పల్లీ, గుడ్డు పడనివాళ్లు ప్యాకెట్ మీద అలర్జీ వరస తప్పక చదవాలి. బీపీ ఉన్నవాళ్లు మసాలా పొట్లం పూర్తిగా మానేసి, పప్పుచారు పద్ధతిలోనో ఇంటి పోపుతోనో తినడం మంచిది. ఉప్పు వాళ్ల చేతిలో ఉంటుంది.

మిగతావాళ్లకు వారానికి రెండు మూడు పూటలు సరిపోతుంది. ఒంటిగంటకు తిని నాలుగింటికే ఆకలేస్తోందంటే నూడుల్స్ పెంచకండి. కూరగాయలు కప్పు నుంచి కప్పున్నర చేయండి, లేదా పల్లీలు ఇంకో రెండు చెంచాలు చల్లుకోండి. అప్పటికీ ఆగకపోతే మీ ప్యాకెట్‌లో 12 గ్రాములు నిజంగా ఉన్నాయో లేదో మళ్లీ వెనక్కి తిప్పి చూసి, రకం మార్చండి.